డాబా మీద ఎండను ఎలా పంచుకోవాలి?

ప్రశ్న: సర్, నమస్తే. మాది సరూర్‌నగర్‌లో 200 గజాల్లో సొంత ఇల్లు. 2001లో మా మామగారు కట్టించారు. కింద మేము, పైన అద్దెకిచ్చాం. డాబా తూర్పు పడమరలుగా 44 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 30 అడుగులు. వాస్తు ప్రకారం నైరుతిలో మెట్ల గది, దాని మీద వెయ్యి లీటర్ల ట్యాంకులు రెండు ఉన్నాయి. కరెంటు బిల్లు మామూలు నెలల్లో 1,500 వస్తుంది, ఎండాకాలంలో 3,000 దాటుతుంది. మా వారు రిటైరయ్యారు. మూడు కిలోవాట్ల సోలార్ పెట్టిద్దామంటున్నారు. కంపెనీ వాళ్లు వచ్చి 2 లక్షల 10 వేలు అన్నారు, ప్యానెళ్లు డాబా నడిమధ్యలో అడుగున్నర ఎత్తులో వేస్తామన్నారు. అలా వేస్తే ఇంకేం మిగలదు. నాకేమో పదేళ్లుగా మిద్దెతోట వేసుకోవాలని కోరిక. మా అత్తగారు వడియాలు, మిరపకాయలు ఎక్కడ ఎండబెట్టుకోవాలని అడుగుతున్నారు. మా అబ్బాయి డాబా అంతా హైడ్రోపోనిక్స్ (మట్టి లేకుండా పోషకాలు కలిపిన నీటిలో పెంపకం) చేసి ఆకుకూరలు అమ్ముదాం, లోను తీసుకుందాం అంటున్నాడు. పైగా వానాకాలంలో పై వాటా బెడ్‌రూం మూలలో చెమ్మ కనిపిస్తోంది. నెల నుంచి ఇంట్లో ఇదే గొడవ. ఎవరి మాట వినాలో చెప్పండి.
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందరూ గొడవ గురించి రాసి వదిలేస్తారు, మీరు కొలతలు కూడా రాశారు. అందుకే మీకు సూటిగా చెప్పగలుగుతున్నాను. మీ డాబా మీద సోలారూ పడుతుంది, తోటా పడుతుంది, అత్తగారి వడియాలూ పడతాయి. పట్టనిది మీ అబ్బాయి లోను ఒక్కటే. దాని సంగతి చివర్లో చెబుతాను.

మీరంతా డాబాను చదరపు అడుగుల్లో పంచుకుంటున్నారు. ఇంత ఆయనకి, ఇంత నాకు, ఇంత అత్తయ్యకి అని. అలా పంచితే ఎవరికీ చాలదు. అసలు పంచుకోవాల్సింది ఎండని. ఏ మూల ఏ నెలలో ఏ గంటకు ఎండ పడుతుందో, ఎప్పుడు నీడ పడుతుందో తెలిస్తే ఒకే చోటు ఇద్దరికీ పనికొస్తుంది. ఎలాగో చెబుతాను. దానికంటే ముందు ఆ చెమ్మ సంగతి చూడాలి.

బెడ్‌రూం మూల చెమ్మ ఉండగా డాబా మీద ఒక్క కుండీ కూడా పెట్టకండి. ప్యానెళ్లు వేశాక, మడులు కట్టాక స్లాబ్ కారితే ఆ కారే చోటు వెతకడానికి అన్నీ పీకాల్సి వస్తుంది. ముందు మంచి మేస్త్రిని పిలిచి డాబా పైపూత తట్టి చూడమనండి. డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా పూత లేచిపోయినట్టే. అక్కడ తీసేసి, పగుళ్లు పూడ్చి, వాటర్ ప్రూఫింగ్ చేయించండి. పిట్టగోడ, స్లాబ్ కలిసే మూల దగ్గర ఏటవాలుగా గోలా (మూలను నింపే సిమెంటు అంచు) కట్టించడం మర్చిపోకండి. చాలా ఇళ్లలో నీరు దిగేది అక్కడి నుంచే. ఆ తర్వాత వాన నీటి పైపుల నోళ్లు మూసి, డాబా మీద రెండు అంగుళాల నీరు రెండు రోజులు నిలబెట్టి కింద సీలింగ్ చూడండి. తడి కనిపించకపోతే అప్పుడు ముందుకు వెళ్లండి. ఈ పరీక్ష చేయకుండా బిల్లు మొత్తం ఇచ్చేయకండి.

ఈ విషయంలో నేను దెబ్బ తిన్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్‌లో కురిసిన వాన మీకూ గుర్తుండే ఉంటుంది. మా డాబా మీద అప్పటికి ముప్పై కుండీలున్నాయి. ఎండుటాకులు, కొబ్బరి పొట్టు కొట్టుకొచ్చి వాన నీటి పైపు నోటికి అడ్డం పడ్డాయి. తెల్లారి పైకి వెళ్లేసరికి నాలుగు అంగుళాల నీరు నిలబడి ఉంది. అంగుళం నీరు చదరపు అడుగుకు దాదాపు రెండున్నర కిలోల బరువు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద నాలుగు అంగుళాలంటే తొమ్మిది టన్నులకు పైనే. ఇల్లు నిలబడింది. కానీ హాలు సీలింగ్‌లో పెచ్చులు ఊడాయి, ఆ గది బాగు చేయించడానికి నాలుగు నెలలు పట్టింది. నలభై ఏళ్లు ఇళ్లు కట్టించిన నేను పైపు నోటికి పది రూపాయల జాలీ పెట్టలేదు. మీ డాబా వాలు బహుశా ఈశాన్యం వైపే ఉంటుంది. ఆ మూల రెండు అడుగుల మేర ఏమీ పెట్టకండి. పైపు నోటికి జాలీ బిగించి, వానాకాలంలో వారానికోసారి చేత్తో తీసి కడగండి.

ఇక బరువు. మనుషులు ఎక్కి తిరిగే డాబాకు మన దేశ ప్రమాణాల ప్రకారం చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువు లెక్కలోకి తీసుకుంటారు. అంటే చదరపు అడుగుకు 14 కిలోలు. ఇప్పుడు చూడండి, మామూలు మట్టి అడుగు లోతున పోసి తడిపితే చదరపు అడుగుకు 45 నుంచి 50 కిలోలు తూగుతుంది. మూడు రెట్లు! డాబా అంతా మట్టి పరిచి పొలంలా చేద్దామనుకునే వాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకుంటే చాలు. మీ ఇల్లు పైన ఇంకో అంతస్తు వేసుకునేలా కట్టించారా? పిల్లర్ల చువ్వలు పైకి వదిలేసి ఉన్నాయా? మన దగ్గర ఆ రోజుల్లో కట్టిన ఇళ్లలో చాలావాటికి ఉంటాయి. ఉంటే మీకు రెండు లాభాలు. ఒకటి, పిల్లర్లు ఇంకో అంతస్తు బరువును మోసేలా వేశారని అనుకోవచ్చు. స్లాబుకు మాత్రం ఇది వర్తించదు, దాని బరువు లెక్క దానిదే. రెండు, పిల్లర్లు ఎక్కడున్నాయో కళ్లకు కనిపిస్తుంది. పాత ప్లాను దొరక్కపోయినా పర్వాలేదు. ఒక్క పూట స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను పిలిచి చూపించండి. ఆయనకిచ్చే ఫీజు ఈ మొత్తం ఖర్చులో చిన్న భాగం.

మట్టికి బదులు ఎర్రమట్టి ఒక పాలు, పశువుల ఎరువు గానీ వర్మీ కంపోస్టు గానీ ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు కలపండి. తడిసినా బరువు బాగా తగ్గుతుంది. గ్రో బ్యాగులను స్లాబుకు ఆనించి పెట్టకండి. ఇటుకల మీదో, ఇనుప స్టాండుల మీదో నాలుగైదు అంగుళాలు ఎత్తి పెట్టండి. కింద గాలి ఆడాలి, నీరు పారాలి, మీరు చీపురు పెట్టి ఊడ్వగలగాలి. పెద్ద డ్రమ్ములు, నిమ్మ, దానిమ్మ లాంటి చెట్లు పెట్టాలనుంటే గది మధ్యలో వద్దు, కింద గోడ గానీ బీము గానీ ఉన్న చోటే పెట్టండి. నారపల్లిలో కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు డాబా మీద పెంచిన తోట చూసి వందల మంది మిద్దెతోటలు మొదలుపెట్టారు. అవి చూసి ఉత్సాహం తెచ్చుకోండి, మంచిదే. కానీ వాళ్ల స్లాబు బలం వాళ్లది, మీ స్లాబు బలం మీది.

ఇప్పుడు ఎండ దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌లో డిసెంబరు మూడో వారంలో మధ్యాహ్నం కూడా సూర్యుడు నెత్తి మీదికి రాడు. దక్షిణంగా వాలి, దాదాపు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఉదయం తొమ్మిదికి, సాయంత్రం మూడుకి 30 డిగ్రీలే. ఆ సమయంలో పది అడుగుల గోడ నీడ పదిహేడు అడుగులు సాగుతుంది. మీ మెట్ల గది, పైన ట్యాంకు కలిపి పదమూడు అడుగులుంటుందనుకుంటే, చలికాలం సాయంత్రం దాని నీడ ఈశాన్యంగా ఇరవై అడుగులు దాటి పడుతుంది. అంటే సరిగ్గా మీ డాబా నడిమధ్యకి. కంపెనీ వాళ్లు ప్యానెళ్లు వేస్తామన్న చోటు అదే! వాళ్లు ఏ నెలలో వచ్చి చూశారో గానీ, డిసెంబరులో సాయంత్రం మూడుకి చూసి ఉంటే అక్కడ వేస్తామని అనేవాళ్లు కారు.

నీడ విషయంలో సోలార్ ప్యానెల్‌కు ఒక బలహీనత ఉంది. ప్యానెళ్లను ఒకదానికొకటి వరుసగా కలుపుతారు. ఒకదాని మీద నీడ పడితే దాని ఉత్పత్తి మాత్రమే తగ్గి ఊరుకోదు, వరుస మొత్తం దెబ్బతినవచ్చు. ఇప్పటి ప్యానెళ్లలో దీన్ని తగ్గించే ఏర్పాట్లు ఉన్నాయి, కానీ పూర్తిగా పోదు. మీ బీరపాదు తీగ ఒక్కటి ప్యానెల్ మీదికి పాకినా మీ వారి మీటరులో తేడా కనిపిస్తుంది. మీ ఇద్దరికీ తర్వాత గొడవ రాకుండా ఇప్పుడే చెబుతున్నాను.

వేసవిలో కథ తిరగబడుతుంది. మే 9 దరిదాపుల్లో, మళ్లీ ఆగస్టు 3 దరిదాపుల్లో హైదరాబాద్‌లో మధ్యాహ్నం నిట్టనిలువు కర్రకు నీడే పడదు. ఆ రెండు తేదీల మధ్య సూర్యుడు మనకు కొంచెం ఉత్తరంగానే తిరుగుతాడు. ఉదయం, సాయంత్రం ఎండ కూడా ఉత్తరం కొస నుంచే వస్తుంది.

ఈ రెండూ కలిపి చూస్తే మీ డాబాకు నా సలహా ఇది. ప్యానెళ్లను దక్షిణపు పిట్టగోడ వెంట, ఆగ్నేయం మూల నుంచి మెట్ల గది వైపుగా వేయించండి. మూడు కిలోవాట్లకు ఇప్పుడొచ్చే 550 వాట్ల ప్యానెళ్లు ఆరు చాలు. ఒక్కోటి సుమారు మూడుముప్పావు అడుగుల వెడల్పు, ఏడున్నర అడుగుల పొడవు ఉంటుంది. ఆరూ పక్కపక్కన నిలువుగా పెడితే ఇరవై రెండున్నర అడుగులు. మెట్ల గదికి, మొదటి ప్యానెల్‌కు మధ్య పది పన్నెండు అడుగుల ఖాళీ మిగులుతుంది. ఎండాకాలంలో మధ్యాహ్నం మూడు దాకా మెట్ల గది నీడ తూర్పుకు సాగేది అంతవరకే. మెట్ల గది పడమటి అంచునే ఉంటే ఈ లెక్క సరిపోతుంది, టేపు పెట్టి కొలిచి చూడండి.

రెండో సంగతి, అడుగున్నర ఎత్తు వద్దు. దక్షిణం అంచు ఏడడుగులు, ఉత్తరం అంచు తొమ్మిదడుగులు ఉండేలా ఎత్తు స్టాండు మీద పెట్టించండి. అప్పుడు కింద మనిషి హాయిగా తిరగవచ్చు. ఏటవాలు పదిహేను డిగ్రీల దగ్గర వస్తుంది, మన హైదరాబాద్‌కు అది సరిపోతుంది.

ఇలా ఎత్తుగా వేస్తే ఏమవుతుందో చూడండి. ఏప్రిల్, మే నెలల్లో సూర్యుడు నెత్తి మీద ఉంటాడు కాబట్టి మధ్యాహ్నం నీడ సరిగ్గా ప్యానెళ్ల కిందే పడుతుంది. హైదరాబాద్ ఎండకు మొక్కలు మాడిపోయేది అప్పుడే, నీడ కావాల్సిందీ అప్పుడే. గ్రీన్ షేడ్ నెట్ కొనే ఖర్చు మిగులుతుంది. డిసెంబరు, జనవరిలో సూర్యుడు దక్షిణానికి వాలతాడు కాబట్టి ఎండ పిట్టగోడ మీదుగా ప్యానెళ్ల కిందికి దూరి వస్తుంది. మొక్కలకు ఎండ కావాల్సిన కాలంలో ఎండ దొరుకుతుంది. పిట్టగోడను ఆనుకుని మూడడుగులు మాత్రం నీడగానే ఉంటుంది. మరి చలికాలంలో ప్యానెళ్ల నీడ ఎక్కడికి పోతుంది? ఉత్తరంగా జరిగి డాబా నడుమ పడుతుంది. దక్షిణపు అంచు నుంచి ఆరో అడుగు మొదలు పదిహేను, పదిహేడు అడుగుల దాకా. ఆ నడిమి పట్టీలో చలికాలం పంటలు పెట్టకండి. దాన్ని నడిచే దారిగా, కుర్చీలేసుకుని కూర్చునే చోటుగా వదిలేయండి.

ఉత్తరాన చివరి పన్నెండు అడుగులు మీ తోట. ఏడాదంతా మంచి ఎండ ఉండే పట్టీ అదే. టమాటా, వంగ, బెండ, మిరప, గోరుచిక్కుడు అన్నీ అక్కడే. పందిరి వేసి బీర, సొర, చిక్కుడు పాకించాలనుంటే ఉత్తరపు పిట్టగోడ వెంటే వేయండి. ఆ దూరం నుంచి తీగల నీడ ప్యానెళ్ల దాకా రాదు. ఈశాన్యం మూల మాత్రం నీటికి వదలాలని ముందే చెప్పాను.

ప్యానెళ్ల కింద పుదీనా, బచ్చలి, అల్లం, పసుపు, తమలపాకు, ఎండాకాలంలో కొత్తిమీర పెట్టుకోండి. మేలో నగరంలో కొత్తిమీర కట్ట ధర ఎలా ఉంటుందో మీకే తెలుసు. ఎండలో కొత్తిమీర విత్తితే వారంలోనే మాడిపోతుంది. ప్యానెళ్ల నీడలో మాకు జూన్ దాకా వచ్చింది.

అత్తగారి వడియాలకు మెట్ల గదికీ మొదటి ప్యానెల్‌కూ మధ్య మిగిలిన ఆ పది పన్నెండు అడుగుల జాగా ఇవ్వండి. మార్చి నుంచి మే దాకా పొద్దెక్కాక మధ్యాహ్నం రెండింటి దాకా అక్కడ ఎండ కాస్తుంది, వడియాలకు అది చాలు. మెట్లెక్కగానే చేతికందే చోటు కూడా. పెద్దావిడను కుండీల మధ్య నుంచి నడిపించడం మంచిది కాదు. అక్కడ ఏమీ పెట్టకుండా తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయిస్తే కింద గదిలో వేడి కూడా తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇందుకే.

ఎత్తు స్టాండు అనగానే కంపెనీ వాళ్లు అదనంగా అడుగుతారు, అది న్యాయమే. ఇనుము ఎక్కువ పడుతుంది. కానీ ఎత్తు పెరిగితే గాలి దెబ్బ కూడా పెరుగుతుంది. ఆరు ప్యానెళ్లు 170 కిలోల లోపే ఉంటాయి, స్టాండుతో కలిపినా డాబాకు బరువు సమస్య కాదు. సమస్య ఏమిటంటే గాలి వాటిని పైకి లాగుతుంది. ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో వచ్చే గాలిదుమారం చూశారుగా, రేకులు లేచిపోతాయి. కట్టడాల లెక్కల్లో హైదరాబాద్‌కు తీసుకునే గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు దాదాపు 158 కిలోమీటర్లు. విజయవాడ, విశాఖలకు 50 మీటర్లు, అంటే గంటకు 180. కోస్తాలో ఉన్న పాఠకులు ఈ మాట ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఏం చేసిందో మనమంతా చూశాం. స్టాండు ఏ గాలి వేగానికి లెక్కకట్టారో కోట్‌లో (వాళ్లిచ్చే ధరల కాగితంలో) రాసి ఇమ్మనండి. నోటిమాటగా "గట్టిగానే ఉంటుంది మేడం" అంటే ఒప్పుకోకండి. స్టాండు కాళ్లు పిల్లర్ల మీద గానీ బీముల మీద గానీ రావాలి. వాటర్ ప్రూఫింగ్ చేసిన స్లాబుకు ఎక్కడపడితే అక్కడ డ్రిల్లు పెట్టనివ్వకండి. చువ్వలు పైకి ఉన్న చోట చిన్న కాంక్రీటు దిమ్మెలు పోసి వాటికి బోల్టులు దించితే గట్టిగా ఉంటుంది, కారే భయమూ ఉండదు. ఈ దిమ్మెల పని వాటర్ ప్రూఫింగ్‌తో పాటే, దానికంటే ఒక అడుగు ముందే అయిపోవాలి. జాయింట్లన్నీ బోల్టులతో బిగించాలి, వెల్డింగ్ వద్దు. వెల్డింగ్ చేసిన చోట జింకు పూత పోయి తుప్పు పడుతుంది. రేపు పైన ఇంకో అంతస్తు వేయాలనుకున్నా బోల్టులైతే విప్పుకోవచ్చు.

ఇంకో జాగ్రత్త. వెలుతురు ఉన్నంతసేపు ప్యానెళ్ల నుంచి వచ్చే వైర్లలో కరెంటు ఉంటుంది. మెయిన్ ఆపినా ఆ వైర్లలో ఆగదు. ఆరు ప్యానెళ్ల వరుసలో 250 వోల్టులకు పైనే. కింద మీరు పారతో, కత్తెరతో, నీళ్ల పైపుతో పని చేస్తారు. అందుకే వైర్లన్నీ గట్టి పైపుల్లో, స్టాండుకు పైవైపు నుంచే తీసుకెళ్లమనండి. నేల మీద ఒక్క వైరూ ఉండకూడదు. ఎర్తింగ్, పిడుగు నుంచి రక్షణకు లైట్నింగ్ అరెస్టర్ తప్పనిసరి. ఖర్చు తగ్గించుకోవడానికి వీటిలో దేన్నీ వదులుకోకండి.

డబ్బు సంగతి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటికి మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30 వేలు, మూడో దానికి 18 వేలు, మొత్తం 78 వేలు సబ్సిడీ ఉంది. మూడు దాటి ఎంత పెట్టినా అంతే. మీ కోట్ 2 లక్షల 10 వేలల్లో ఇది పోతే 1 లక్షా 32 వేలు. ఎత్తు స్టాండు ఖర్చు దీనికి అదనం. ముందు మీరు మొత్తం కట్టాలి, సబ్సిడీ తర్వాత మీ ఖాతాలో పడుతుంది. సబ్సిడీకి మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్లే వాడాలి. కోట్‌లో డీసీఆర్ (దేశీయ తయారీ అని తెలిపే మాట) అని ఉందో లేదో చూసుకోండి.

మీరు రాసిన బిల్లులను బట్టి మీ వాడకం ఏడాదికి 3,600 యూనిట్ల దగ్గర ఉంటుంది. మూడు కిలోవాట్లు మన ఎండకు ఏడాదికి 4,000 యూనిట్లకు తగ్గకుండా ఇస్తాయి. అంటే మూడు మీకు సరిపోతుంది. ఐదు పెట్టుకోండి, మిగిలింది అమ్ముకోవచ్చు అని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. మిగులుకు ఇచ్చే ధర మనం కొనే ధర కంటే తక్కువ. మీ ఇంటికి ఏడాదికి ఇరవై వేల దాకా మిగులుతుంది కాబట్టి పెట్టిన డబ్బు ఏడెనిమిదేళ్లలో తిరిగొస్తుంది. ప్యానెళ్లకు సాధారణంగా 25 ఏళ్ల పనితీరు వారంటీ ఇస్తారు, ఇన్వర్టర్ మాత్రం మధ్యలో ఒకసారి మార్చాల్సి రావచ్చు. ఎండాకాలంలో మీ బిల్లు 300 యూనిట్లు దాటాక ఒక్కో యూనిట్ 9 రూపాయలు పడుతోంది. ముందు తగ్గేది ఆ ఖరీదైన యూనిట్లే. ఇదే పత్రికలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు ఉచితంగా వాడుకుంటున్న వాళ్లు కూడా ఇది చదువుతుంటారు. అలాంటి వాళ్లకు ఇప్పుడు సోలార్ అవసరం లేదు, అప్పు చేసి పెట్టించుకోవద్దు.

ఇల్లు మామగారు కట్టించారన్నారు. కరెంటు మీటర్ ఎవరి పేరు మీద ఉంది? ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంటే అన్నిటికంటే ముందు దాన్ని మార్పించండి. దరఖాస్తు చేసేవారి పేరు, మీటర్ పేరు, బ్యాంకు ఖాతా పేరు కలవక సబ్సిడీ ఆగిపోయిన వాళ్లను చాలామందిని చూశాను. ఈ పని జరగడానికి పట్టే నెలలో డాబా చెమ్మ పని చేయించుకోవచ్చు.

మీ వారికి ఇంకో మాట చెప్పండి. నెట్ మీటర్‌తో, అంటే బయటి కరెంటు లైనుకు కలిపి పెట్టే మామూలు సోలార్, కరెంటు పోతే పని చేయదు. లైన్ మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా అది తనంతట తానే ఆగిపోతుంది. పట్టపగలు ఎండ కాస్తున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. ఇది తెలియక పెట్టించుకున్నాక మోసపోయామని బాధపడేవాళ్లు ఎక్కువ. కరెంటు కోతలకు మీ పాత ఇన్వర్టర్ బ్యాటరీ ఉండనివ్వండి.

ప్యానెళ్లు తుడవడం ఆయన పని, ఆ నీరు మీ మొక్కలకు. సరూర్‌నగర్ దుమ్ముకు పది పదిహేను రోజులకోసారి కడగాలి. ఎండలో కాలుతున్న అద్దం మీద చల్లటి నీరు పోయకూడదు, తెల్లవారుజామునే చేయాలి. బోరు నీటితో కడిగితే తెల్లటి ఉప్పు మరకలు కడతాయి. ఎండాకాలంలో ఏసీ నుంచి కారే నీటిని బకెట్‌లో పట్టండి. అందులో ఉప్పు ఉండదు, తుడవడానికి దాన్ని మించింది లేదు. సబ్బు వేయకపోతే కారిన నీరంతా కింద పుదీనాకు పోతుంది. ఆర్వో మెషిన్ వదిలేసే నీరు మాత్రం మొక్కలకు రోజూ పోయకండి, ఉప్పు పేరుకుని ఆకు కొసలు మాడతాయి. కుండీల కింద పళ్లేల్లో నీరు నిలవనివ్వకండి, డెంగీ దోమ పెరిగేది అందులోనే.

మీ అబ్బాయి ఆలోచన తప్పని నేననను. ఇల్లు, కూరగాయలు అని ఆలోచించే పిల్లలు ఎంతమంది? కానీ మీ డాబాలో అన్నీ పోగా తోటకు మిగిలేది 450 చదరపు అడుగుల లోపే. దానిలో అమ్మకానికి సరిపడా ఆకు పండించాలంటే పంపులు రోజంతా తిరగాలి, నీటిలో పోషకాలు రోజూ కొలవాలి. మే నెలలో నీరు వేడెక్కితే వేర్లు కుళ్లిపోతాయి, చల్లబరచాలంటే మళ్లీ కరెంటు ఖర్చు. రెండు గంటలు పంపు ఆగితే పంటంతా వాడిపోతుంది. ఇదంతా చేసి నాలుగు వీధులవతల తోటకూర కట్టతో పోటీ పడాలి. దీనికోసం లోను వద్దు. పదివేల లోపు ఖర్చుతో ఒక చిన్న పైపుల స్టాండు మెట్ల గది తూర్పు గోడకు పెట్టుకుని ఏడాది చేసి చూడమనండి. మనసు దాని మీద నిలిస్తే, ఊరి చివర అద్దె స్థలంలో పెద్దగా ఆలోచించవచ్చు. మీ స్లాబు మీద కాదు.

మీకు తోట ఎంత ఇస్తుందో కూడా నిజం చెప్పాలి. నలభై యాభై గ్రో బ్యాగులతో మా ఇంట్లో నలుగురికి వారంలో మూడు నాలుగు రోజులు ఆకుకూర, సీజన్‌లో వంకాయలు, టమాటాలు వస్తాయి. బజారుకు వెళ్లడం పూర్తిగా మానలేదు. ఏప్రిల్, మేలో రోజూ వంద లీటర్ల నీరు కావాలి. ఊరికి వెళ్తే ఎవరు పోస్తారో ముందే చూసుకోవాలి, లేదా టైమర్‌తో డ్రిప్ పెట్టుకోవాలి. అయినా మానలేదు. పొద్దున్నే పైకి వెళ్లి మొదటి బెండకాయ తెంపుకున్న రోజు మీరే నాకు ఉత్తరం రాస్తారు.

ఇప్పుడు నవంబరు. వానలు వెనక్కి పోయాయి, స్లాబు ఆరుతోంది. ఈ నెలలో మీటర్ పేరు మార్పుకు దరఖాస్తు ఇవ్వండి, ఇంజనీర్‌ను పిలిపించండి. జనవరిలోగా దిమ్మెలు, వాటర్ ప్రూఫింగ్ అయిపోవాలి. ప్యానెళ్లు మార్చిలోపు పైకెక్కితే ఈ వేసవి బిల్లులోనే తేడా తెలుస్తుంది. తోట తొలకరికి, జూన్‌లో మొదలుపెట్టండి. అంతదాకా ఆగలేనంటే డాబా పని జరిగేటప్పుడు పక్కకు జరపగలిగేలా ఐదారు బ్యాగుల్లో మెంతికూర, పాలకూర కింద వరండాలోనే వేసుకోండి.

డిసెంబరు 21 దరిదాపుల్లో ఎండ కాసే ఒక రోజు చూసుకుని, మీరూ మీ వారూ కలిసి డాబా మీదికి వెళ్లండి. ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండున్నరకి, సాయంత్రం మూడుకి మెట్ల గది నీడ, పక్కింటి నీడ ఎక్కడిదాకా వస్తున్నాయో సుద్దముక్కతో గీతలు గీయండి, పక్కన టైము రాయండి. దక్షిణం పక్కింటి వాళ్లు పైన అంతస్తు వేసే ఆలోచనలో ఉన్నారేమో కూడా ఆ రోజే అడగండి. గీతలతో ఉన్న డాబా ఫొటో, పిల్లర్ల చువ్వలు ఎక్కడెక్కడ ఉన్నాయో చేత్తో వేసిన బొమ్మ నాకు పంపండి. స్టాండు కాళ్లు ఎక్కడ దించాలో గుర్తు పెట్టి తిరిగి పంపుతాను.